ఆడి నెలల్లో కట్టిన విమానం

మా మామ రాజమాణిక్యం గుడియాత్తంలో విమానమెక్కి, వేలూరు కోట చుట్టూ మూడు తిప్పులు తిరిగి, కందకంలోకి చెయ్యి చాపి ముఖం కడుక్కుని, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చిన మనిషి. ఈ మాట నేను చెప్పని టీకొట్టు మా ఊళ్లో లేదు. నమ్మినవాళ్లు నాకు టీ ఇప్పించారు. నమ్మనివాళ్లు ఇంకోసారి చెప్పించుకోవడానికి ఇప్పించారు. పదో తరగతి మూడుసార్లు రాసి చదువుకో దండం పెట్టిన నాకు ఆ విమానం వల్ల దొరికిన మర్యాద ఏ సర్టిఫికెట్టు వల్లా దొరికేది కాదు.

ఆ కథ వినబడితే మామ మాత్రం నవ్వడు. తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుని పక్కకి జరిగిపోతాడు. విమానం కట్టకముందూ అలసిపోయిన మనిషే, కట్టాకా అలసిపోయిన మనిషే. మధ్యలో ఏడేళ్లు మాత్రం ఏటా ఒక్క నెల, ఆయన అలసటకి ఒక ఆకారం ఉండేది. దానికి రెండు రెక్కలుండేవి.

మావాళ్లంతా కట్టడం పనివాళ్లు. ఇంట్లో తెలుగు, పనిలో అరవం, తిట్టుకునేటప్పుడు రెండూ. మామ మేస్త్రి. గుడియాత్తంలోనూ వేలూరులోనూ ఆయన కట్టిన ఇళ్లని పడగొట్టడానికి వచ్చిన కూలీలు సగం పనిలో గడ్డపారలు పారేసి వెళ్లిపోయేవాళ్లు. ఒకసారి ఆయన కట్టిన కోళ్లగూటి మీదికి ఒక లారీ వెనక్కి వచ్చింది. లారీకి రెండు దీపాలూ పోయాయి. కోళ్లు లేచి చూసి మళ్లీ పడుకున్నాయి.

ఆ గట్టితనం వెనక ఒక సజ్జ ఉంది. డెబ్బై నాలుగులో ఆర్కాడులో ఒక ఇంటి కిటికీ మీద సజ్జ పోశారు. ఇంటాయన తొందరపెడితే, మామ వాళ్ల నాయన నాలుగు రోజులు ముందే సెంట్రింగు విప్పించాడు. కింద శక్తివేల్ ఉన్నాడు. మామకి తమ్ముడు, పంతొమ్మిదేళ్లు. నేను అన్నిటికీ కథ కడతాను, దీనికి కట్టను. ఆ రోజు నుంచి మామ పనిలో ఒకటే మాట. ఎనిమిది కమ్మీలు చాలన్నచోట, "ఇంకోటి ఎయ్." అరబస్తా సిమెంటు చాలన్నచోట, "ఇంకో తట్ట ఎయ్." ఆ మాట విని ఇళ్లవాళ్లు సంతోషించేవాళ్లు. ఆయన మీదికి వచ్చిన చెడ్డపేరు ఒక్కటీ లేదు.

ఇక ఆడి నెల, అరవవాళ్ల ఆషాఢం. మా వైపు ఆడిలో ఎవరూ కొత్త ఇంటికి ముగ్గు పొయ్యరు. పునాది తవ్వరు, గృహప్రవేశం పెట్టుకోరు. మేస్త్రీలంతా ఇంట్లో కూర్చుని పెళ్లాల చేత తిట్లు తింటారు. బయట పడమటి గాలి రోజంతా దుమ్ము లేపుతుంటుంది. తొంభై ఒకటిలో ఆడికి కొద్ది రోజుల ముందు, వేలూరులో ఒక పాత దొరల బంగళా పడగొడుతుంటే అటక మీద మామకి ఒక కాగితాల చుట్ట దొరికింది. పద్నాలుగు కాగితాలు. ఒకే మనిషి కూర్చునే చిన్న విమానం ప్లాను. ఇంటాయన "తీసుకుపో మేస్త్రీ, పొయ్యిలోకి పనికొస్తాది" అన్నాడు.

మామకి ఇంగ్లీషు రాదు. కానీ ప్లాను చదవడం వచ్చు. అడుగులు, అంగుళాలు, గీతలు ఏ భాషలోనైనా ఒకటే కదా. రెండు రోజులు అరుగు మీద పరుచుకుని చూశాడు. ప్రతి కాగితం కింద మూలన మాత్రం ఒకే వాక్యం లావు అక్షరాల్లో ఉంది. నన్ను పిలిచాడు.

"గుణా, ఇదేమని రాసుండాదిరా?"

చూశాను. అందులో నాకు తెలిసిన మాటలు నాలుగు, అర్థం తెలిసినవి రెండు. తెలియదని చెప్పే అలవాటు మా వంశంలో నాకైతే లేదు.

"గట్టిగా కట్టమంటాండారు మామా. ఎంత గట్టిగా కడితే అంత మంచిదంట."

"అట్ట చెప్పు," అన్నాడు మామ. తెలిసిన మనిషి ఎదురైనట్టు ఆ కాగితం వైపు చూశాడు.

మొదటి రోజే ప్లానులో లేని ఒక పని చేశాడు. సీటు వెనక ఇంకో సీటు గీశాడు. మేస్త్రికి ఏ ప్లాను ఇచ్చినా ఒక గది పెంచుతాడనుకున్నాను. "ఇదెవురికి మామా?" అంటే, లోపల బీడీలు చుట్టుకుంటున్న అంబుజమత్త వైపు గడ్డం ఆడించాడు. అత్త చూడలేదు. ఆమె ఒళ్లో చేట, చేటలో ఆకూ పొగాకూ. చేతులు చేసే పని తప్ప ఆమె ఏదీ చూసేది కాదు.

అట్లా మొదలైంది. ఒక్కో ఏడాదీ ఒక్క నెలే. ఆడి పోయి ఆవణి నెల పుట్టగానే ముగ్గులు పోసేవాళ్లు పిలుచుకుపోయేవాళ్లు, విమానం తాటాకుల పందిరి కింద పదకొండు నెలలు పడుకునేది. అప్పుడప్పుడే మా జిల్లాలో చెప్పుల ఫ్యాక్టరీలకి పరదేశం నుంచి మిషన్లు దిగుతున్నాయి. అవి వచ్చిన చెక్కపెట్టెల పలకలు తేలికగా, తెల్లగా ఉండేవి. వాటితో ఒళ్లు కట్టాడు. ఎక్కడో గుద్దుకున్న చిన్న కారు ఇంజను పాత సామాన్ల కొట్టులో దొరికింది. ముందర తిరిగే కొయ్య ఫ్యానుని తనే చెక్కాడు, మూడోది కుదిరింది. రెక్కలకి గుడ్డ కావాలంటే పక్కింటి కమలాక్షక్క మగ్గం మీద నేసింది. సాదాగుడ్డ నేయమంటే ఆమె చెయ్యి అలవాటు కొద్దీ గళ్లు వేసేసింది. ఆకుపచ్చ గళ్ల లుంగీ రెక్కలు. దానికి పడుగు నూలుకి పట్టించినట్టే గంజి పట్టించి, ఎండలో బిగించి, పైన వార్నిషు పూశారు. వేలితో కొడితే డప్పులా మోగేది.

కూర్చునే చోట ముందరి పలక మీద మామ తన సామాన్లే బిగించాడు. ఒళ్లు అటో ఇటో ఒరిగిందా చూడ్డానికి రసమట్టం. ముక్కు పైకెత్తిందా చూడ్డానికి, గోడ నిలువు చూసే ఇత్తడి గుండు, దాని వెనక గీతలు గీసిన రేకు. గాలి వేగానికి, స్ప్రింగు మీద ఆడే ఒక తగరపు మూత. ఇంజను వేడికి మాత్రం కారుదే మీటరు. వెనక సీటుకి కొబ్బరిపీచు దిండు, పట్టుకోవడానికి రెండు పక్కలా కమ్మీలు. ముందు సీటుకి దిండు లేదు.

పని ఏడేళ్లు ఎందుకు పట్టిందంటే, మామ ప్రతి ఆడిలోనూ మొదటి పదిరోజులు కిందటి ఏడు కట్టినదాన్ని అనుమానించడంతో సరిపెట్టేవాడు. చుట్టూ తిరిగేవాడు, ఊపి చూసేవాడు, వెనక సీటు దగ్గర ఆగేవాడు. "ఇక్కడ ఇంకోటి ఎయ్యాల" అనేవాడు. ఇనప పట్టీ పడేది. ఇంకో ఏడు ఆ పట్టీకి ఆనుడుగా ఇంకో పట్టీ. విమానం ఏటా పెరగలేదు, ఏటా బరువెక్కింది. నేను ప్రహరీ మీద కూర్చుని, "మామా, దీనికి ఒక తలుపు, రెండు కిటికీలు పెడితే అద్దెకిచ్చుకోవచ్చు" అనేవాణ్ణి. "దిగి పోరా" అనేవాడు. అరవడానికి ఓపిక లేని గొంతుతో.

తొంభై ఆరు ఆడిలో అణైకట్ దారిలో ఉన్న బీడుకి ట్రాక్టరు మీద తీసుకుపోయారు. గట్టినేల, మైలు పొడవు, ఒక్క చెట్టు లేదు. ఇంజను గట్టిగా అరిచింది, విమానం దుమ్ము లేపుకుంటూ ఆ చివరిదాకా పరిగెత్తి, ముళ్లకంపలో ఆగింది. ఆరుసార్లు పరిగెత్తింది. ఆరుసార్లూ నేలని వదలలేదు. మామ ఏడోసారి ఎక్కలేదు.

తరువాతి ఏడు ఆడి వచ్చేసరికి ఆ బీడు అమ్ముడుపోయింది. ప్లాట్లు వేస్తారట. ఆడి కాబట్టి ఆగారు, ఆవణి ఒకటో తేదీన రాళ్లు పాతుతారు. ఆ రాళ్లు పాతే పని మామకే చెప్పారు. ఆయన ఒప్పుకున్నాడు. పని పనే. కానీ చుట్టుపక్కల అట్లాంటి నేల ఇంకోటి లేదు. ఉన్నది ముప్పై రోజులు. లేస్తే ఈ ఆడిలో లేవాలి, లేకపోతే ఏడేళ్ల పనీ కోళ్లగూడే.

అప్పుడే మామ జన్మలో మొదటిసారి ఇంకొకళ్లని సలహా అడిగాడు. వేలూరులో మోటార్లకి కాయిల్ చుట్టే పద్మనాభన్ సారు, ఇరవై ఏళ్లు వాయుసేనలో మెకానిక్కు. ఆయన బస్సు దిగి, పందిరి కిందికి వచ్చి, విమానం చుట్టూ ఒక్క తిప్పు తిరిగాడు. బొటనవేలితో అక్కడా ఇక్కడా నొక్కాడు.

"పని బాగుండాది మేస్త్రీ. తూకం ఎంత?"

"తూకం చూడలేదు సార్."

చింతపండు మండీలో పెద్ద కాటా మీద విడివిడిగా తూచారు. మూడువందల నలభై ఒక్క కిలోలు. ప్లాను చూసి పద్మనాభన్ లెక్కేశాడు. రెండువందల పది ఉండాలి.

"ఇది విమానం కాదు మేస్త్రీ. రెక్కలుండే ఇల్లు." కాగితం మూలన వేలు పెట్టాడు. "ప్రతి కాగితం కిందా రాసినాడే! ఇందులో లేనిది ఒక్క మేకు కూడా చేర్చొద్దు, చేర్చినదంతా నువ్వే పైకి మొయ్యాల అని. ఎవురూ చదివి చెప్పలేదా?"

మామ నా వైపు చూశాడు. నేను నా చెప్పుల వైపు చూశాను. ఆ రోజు ఆయన నన్ను నాలుగు తిట్టుంటే ఈ కథ ఇంకో పదేళ్లు ముందే రాసేవాణ్ణి.

"వాడు చెప్పకపోయినా నేను అదే చేసుంటా సార్," అన్నాడు మామ.

"సరి, పోనీ. ముందు ఆ వెనక సీటు తీసెయ్. దాన్ని పట్టుకునే ఇనుమంతా తీసెయ్. ఇంజను ఒక మనిషిని లేపుతాది, ఇద్దర్ని లేపదు. ఏం చేసినా లేపదు."

"అది అంబుజం సీటు సార్."

అంబుజమత్త గడపలో కూర్చుని బీడీకి దారం చుడుతోంది. తలెత్తకుండానే అడిగింది.

"ఏమయ్యా, అది నా సీటని ఎవురితో చెప్పినావు?"

"నీదే గదా."

"నాతో చెప్పినావా?"

"చెప్పాల్నా? చూస్తానే ఉండావు గదా ఏడేండ్లుగా."

"చూస్తా ఉండా. ఎవురో పెద్దమనిషిని ఎక్కిస్తావనుకున్యా. నాకు టౌన్ బస్సు ఎక్కితేనే కడుపులో తిప్పుతాది. వేలూరు పొయ్యేలోపల రెండు నిమ్మకాయలు అయిపోతాయి. నీ లుంగీ రెక్కల మీద నేను యాడ ఎక్కేది?"

"ఈ మాట ముందే చెప్పుంటే..."

"నువ్వడిగినావా? ఆడి నెలలో నువ్వు ఊరికే కూసుంటే నా ప్రాణం తీస్తావని, ఏదో ఒకటి కొట్టుకోనీలే అనుకున్యా." దారం పళ్లతో తెంపింది. "తీసెయ్. నేను దిగితే నువ్వు లేస్తావంటే తీసెయ్ అప్పా, పుణ్యముంటాది."

పద్మనాభన్ నవ్వబోయి మామ ముఖం చూసి ఆపుకున్నాడు.

రెండు రోజులు మామ పందిరి కిందికి పోలేదు. అరుగు మీద పడుకుని పైకప్పు చూశాడు. ముప్పైలో రెండు రోజులు, నేను లెక్కపెట్టాను. మూడోరోజు పొద్దున లేచి, కొబ్బరిపీచు దిండు తీసి అరుగు మీద వేశాడు. తర్వాత సీటు విప్పాడు. దాని కింది ఇనుము విప్పాడు. అక్కడికి నలభై కిలోలు పోయింది. పద్మనాభన్ ఇంకో నలభై పోవాలన్నాడు. అవేమిటంటే, ఏడేళ్లలో మిగతా చోట్ల వేసిన పట్టీలు. ఏది కావాలో ఏది వద్దో ప్లాను చూసి చెప్పలేనంతగా అల్లుకుపోయాయి.

దానికి దారి మామే చెప్పాడు. సెంట్రింగు విప్పేముందు మావాళ్లు ప్రతి ఊతకొయ్యనీ సుత్తితో మెల్లగా తట్టి వింటారు. బరువు మోస్తున్న కొయ్య బిగువుగా పలుకుతుంది. ఊరికే నిలబడ్డది బొటబొటమంటుంది. మామ రెండు రెక్కల కిందా కొయ్యలతో సారవ కట్టించి, విమానాన్ని రెక్కల మీద వేలాడదీశాడు. ముందు సీటులో తన బరువుకి సరిపడా ఇసుక మూటలు వేశాడు. గాలిలో ఉంటే ఎట్లా మోస్తుందో అట్లా. ఇక ఒక్కో పట్టీనీ తట్టాడు, చెవి పెట్టాడు, సుద్దతో గీశాడు. పద్మనాభన్ పందిరి అంచున నిలబడి చూస్తూ, "ఇరవై ఏండ్లలో ఈ పరీక్ష నేను చూడలేదు మేస్త్రీ" అన్నాడు.

మొదటి రోజు పదిహేను పట్టీలు గీశాడు. విప్పలేదు. రెండోరోజూ విప్పలేదు. స్పానరు పట్టుకుని నిలబడేవాడు. పెట్టేవాడు.

"ఏమి మేస్త్రీ? అన్నీ ఊరికే ఉండాయని నువ్వే చెప్పినావే."

"ఆ పొద్దు మానాయన కూడా తట్టి చూసినాడు సార్," అన్నాడు మామ. "మా తమ్ముడు శక్తివేల్ నెత్తిన సజ్జ. నేను పక్కనే ఉండాను. నాలుగు దినాలు ముందే, ఊరికే ఉండాదనే విప్పినాడు."

బయట గాలి తాటాకుల్ని లాగుతోంది.

"ఆ పొద్దు కాంక్రీటు పచ్చిది మేస్త్రీ," అన్నాడు పద్మనాభన్. "ఇది ఏడేండ్లు ఆరింది. ఇంకా దీంట్లో కూసునేది నువ్వే. ఇంకెవురూ లేరు."

మామ ఆ మాట లోపలికి పోనిచ్చాడు. "నేనే గదా," అన్నాడు. "నాకేం కావాల?" స్పానరు తీసుకున్నాడు. సాయంత్రానికి పందిరి పక్కన ఇనప పట్టీల కుప్ప మోకాలెత్తు అయ్యింది. నేనైతే ఆ ఇనుముతో పాలారు మీద ఇంకో వంతెన కట్టొచ్చని ఊరంతా చెప్పాను. కాటా మీద రెండువందల అరవై రెండు తేలింది. "గాలి తోడొస్తే చాలు," అన్నాడు పద్మనాభన్.

ఆడి ఇరవై తొమ్మిది. బీడులో ప్లాట్ల రాళ్లు అప్పటికే ఒక మూల దించి ఉన్నాయి, సున్నం కొట్టి, నెంబర్లు వేసి. పద్మనాభన్ మామకి మూడు రోజులుగా నేల మీదే అటూ ఇటూ పరిగెత్తించడం నేర్పాడు. చివరిమాటగా చెప్పాడు: "గోడెత్తు దాటొద్దు. దాటితే పర్మిషన్ ఏదని గవర్నమెంటు అడుగుతాది. నేను నిన్ను ఎరగనంటా."

"సరి సార్."

"భయంగా ఉండాదా?"

"లేదు సార్. నిద్రొస్తాండాది."

అంబుజమత్త చేటతో సహా ట్రాక్టరు ఎక్కి వచ్చింది. వాంతి చేసుకుంది కూడా. గట్టు మీద కూర్చుని బీడీలు చుట్టడం మొదలుపెట్టింది.

మొదటిసారి ఇంజను సగంలో ఆగిపోయింది. రెండోసారి తోక లేచింది, చక్రాలు లేవలేదు. పద్మనాభన్ తల అడ్డంగా ఊపాడు. మామ దిగి, విమానం చుట్టూ ఒకసారి తిరిగాడు. ఆయన కళ్లు ఏదో ఒకటి చేర్చడానికి వెతుకుతున్నాయని నాకు తెలిసింది. చేర్చలేదు. జేబులో ఉన్న స్పానరు, తాళాలగుత్తి, చిల్లర తీసి నా చేతిలో పెట్టాడు. చెప్పులు విడిచాడు. ఎక్కాడు.

మూడోసారి గాలి ఎదురు తిరిగి గట్టిగా కొట్టింది. విమానం పరిగెత్తింది, తోక లేచింది, దుమ్ము లేచింది, తర్వాత చక్రాల కింద దుమ్ము ఆగిపోయింది. చక్రాలకీ నేలకీ మధ్య వెలుతురు. ఆ వెలుతుర్లోంచి రెండు మేకలు పోయాయి. నా లెక్కలో అయితే మా గుడియాత్తం టౌన్ బస్సు కూడా, టాపు మీద మనుషులతో సహా పోయింది. పద్మనాభన్ "దించు, దించు" అని అరుస్తున్నాడు, అరుస్తూనే రెండు చేతులూ పైకెత్తుతున్నాడు. అంబుజమత్త చెయ్యి ఆగలేదు. కాకపోతే ఆ మధ్యాహ్నం చుట్టిన బీడీల్లో ఓ పది వంకరగా ఉన్నాయని బీడీల ఏజెంటు మరుసటి రోజు తిప్పికొట్టాడు.

దిగేటప్పుడు ఎడమ చక్రం ఇరుసు వంగింది. మేము పరిగెత్తుకుపోయేసరికి మామ సీటులోనే కూర్చుని ఉన్నాడు. ఇంజను ఆపేశాడు. ఆయన కళ్ల ముందర ఇత్తడి గుండు ఇంకా అటూ ఇటూ ఊగుతోంది. అది నిలిచేదాకా చూశాడు.

"ఎట్టుండాది మామా?" అన్నాను.

"నీళ్లుంటే ఇయ్యి," అన్నాడు.

మూడోరోజు ఆవణి పుట్టింది. మామ కూలీలని తీసుకుని అదే బీడుకి పోయి, దారం పట్టి, ఒకటో నెంబరు రాయి పాతాడు. సాయంత్రానికి నలభై పాతాడు. విమానం మళ్లీ ఎక్కలేదు, ఎక్కడానికి నేలా లేదు. ఇంజను నీళ్ల మోటారుగా పోయింది. రెక్కల మీద అంబుజమత్త నాలుగు వేసవులు వడియాలు పెట్టింది. మామ పనిలో ఒక్క తేడా వచ్చిందని ఆయన కింది కూలీలు చెబుతారు. "ఇంకోటి ఎయ్" అని నోరు తెరిచి, ఒక్కోసారి సుత్తితో తట్టి చూసి, "సాల్లే" అంటాడట.

మామకి తెలుగు మాట్లాడడమే వచ్చు, చదవడం రాదు. నేను చిన్నప్పుడు మూడేళ్లు చిత్తూరులో ఉన్నందువల్ల నాకు వచ్చు. కాబట్టి రాసిందంతా నేనే ఆయనకి చదివి వినిపించాను. కోట మాట దగ్గర గడ్డం గోక్కున్నాడు. ఆర్కాడు దగ్గర కళ్లు మూసుకున్నాడు. టౌన్ బస్సు దగ్గర నిద్రపోయాడేమో అనుకున్నాను. చదవడం అయిపోయింది. తప్పులేమన్నా ఉంటే చెప్పమన్నాను, దిద్దుతానన్నాను. మామ తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు.

"మూరెడు లేసిందప్పా, ఒకేసారి. దిగినాక నాలుగు దినాలు నడుము పట్టేసింది, అది రాయలేదు నువ్వు."